నేరుగా ఎంత, మధ్యదారిన ఎంత?



అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో 1959లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. గర్భిణుల అలవాట్లు, ఆరోగ్యం, వారికి పుట్టిన బిడ్డల బాగోగులు ఏళ్ల తరబడి నమోదు చేస్తూ పోయారు. 15 వేలకు పైగా పిల్లల లెక్క అందులో చేరింది. దాన్ని నడిపినవారు బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉన్న జేకబ్ యెరుషాల్మీ. పొగతాగే తల్లులకు తక్కువ బరువు బిడ్డలు, అంటే రెండున్నర కిలోల లోపు బిడ్డలు, పొగతాగని తల్లులతో పోలిస్తే దాదాపు రెట్టింపుగా పుడుతున్నారని ఆయన లెక్కల్లో తేలింది. ఇందులో వింతేమీ లేదు. వింత ఆ తరువాతి మెట్టులో ఉంది. తక్కువ బరువు పిల్లలను మాత్రమే విడిగా తీసి పోల్చినప్పుడు, పొగతాగే తల్లుల బిడ్డలే ఎక్కువగా బతికి బయటపడుతున్నట్టు కనిపించింది. పుట్టిన బిడ్డ బలహీనంగా ఉంటే తల్లి సిగరెట్టే దానికి రక్ష అన్నట్టుంది ఆ అంకెల తీరు. యెరుషాల్మీ ఆ మాట అనలేదు. కానీ గర్భస్థ శిశువుకు హాని చేస్తున్నది నిజంగా సిగరెట్టేనా, లేక సిగరెట్ తాగే స్త్రీల శరీర తత్వంలోనే ఏదైనా తేడా ఉందా అన్న సందేహాన్ని మాత్రం 1971లో ప్రచురించిన వ్యాసంలో గట్టిగా లేవనెత్తారు. సందేహం ఆయన ఒక్కరిదే అయితే ఇబ్బంది ఉండేది కాదు. ఆ తరువాత చాలా దేశాల జనన మరణాల లెక్కల్లో ఇదే తీరు మళ్లీ మళ్లీ బయటపడింది.

ఈ చిక్కును విప్పడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. 2006లో సోనియా హెర్నాండెజ్-డియాజ్, ఎన్రిక్ షిస్టర్‌మన్, మిగెల్ ఎర్నాన్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో 1991లో పుట్టిన బిడ్డల రికార్డులు తీసుకుని, వాటికి బాణాలతో గీసిన ఒక కారణాల పటాన్ని జోడించి చూశారు. మొత్తం బిడ్డలను కలిపి చూస్తే పొగతాగే తల్లుల పిల్లల్లో మరణాల రేటు 1.55 రెట్లు. తక్కువ బరువు పిల్లల్లో మాత్రమే చూస్తే అది 0.79 రెట్లు. అంటే ఒకచోట సగానికి మించిన పెరుగుదల, మరోచోట ఐదో వంతు తగ్గుదల. రెండూ ఒకే దేశం, ఒకే సంవత్సరం, అవే రికార్డులు. లెక్క తప్పలేదు. పోల్చిన మనుషులు మారిపోయారు, అంతే.

ఎలా మారిపోయారో ఒక ఊహాలెక్కతో చూడవచ్చు. పొగతాగని తల్లులకు వెయ్యిమంది పిల్లలు పుట్టారనుకుందాం. వారిలో ఇరవైమంది తక్కువ బరువుతో పుట్టారు, ఆ ఇరవైమందికీ కారణం తీవ్రమైన పుట్టుక లోపమే. వారిలో పదిమంది చనిపోయారు. ఇక పొగతాగే తల్లులకు పుట్టిన వెయ్యిమందిని తీసుకోండి. అవే పుట్టుక లోపాలతో ఇక్కడా ఇరవైమంది, వారిలోనూ పదిమంది మరణం. దానికి అదనంగా, పొగవల్లే బరువు తగ్గినవారు నలభైమంది. వారిలో నలుగురు చనిపోయారు. మిగిలిన పిల్లలందరూ రెండువైపులా క్షేమం. ఇప్పుడు తక్కువ బరువు పిల్లలను మాత్రమే పోల్చండి. పొగతాగనివారి వైపు ఇరవైకి పది, అంటే నూటికి యాభై. పొగతాగేవారి వైపు అరవైకి పద్నాలుగు, అంటే నూటికి ఇరవైమూడు. నలుగురు పిల్లలను అదనంగా బలిగొన్న పొగ, ఈ పోలికలో ప్రాణదాతలా కనిపిస్తున్నది! పొగతాగని తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టిందంటే దాని వెనక పొగకంటే భయంకరమైనది ఏదో ఉందని అర్థం. పొగతాగే తల్లి విషయంలో ఆ అవసరం లేదు, పొగే సరిపోతుంది. ఒక ఆఫీసులో సిఫార్సు ఉన్నవారికీ, ప్రతిభ ఉన్నవారికీ మాత్రమే ఉద్యోగాలిస్తారనుకోండి. అక్కడి ఉద్యోగికి సిఫార్సు లేదని తెలిసిన మరుక్షణం అతనికి ప్రతిభ ఉండి తీరాలని మనం లెక్కకడతాం. ఊళ్లో జనం మొత్తంలో సిఫార్సుకూ ప్రతిభకూ ఏ సంబంధమూ లేకపోయినా, ఆ ఆఫీసు గోడల మధ్య సంబంధం పుట్టుకొస్తుంది. తక్కువ బరువు అనే గదిలోకి పిల్లలను ఏరి పెట్టినప్పుడు జరిగిందీ ఇదే.

ఈ ఉదాహరణ మీద ఇంతసేపు నిలబడటానికి కారణముంది. యెరుషాల్మీ తరువాత వచ్చినవారు బరువువారీగా పిల్లలను విడగొట్టి ఏం తెలుసుకోవాలనుకున్నారు? పొగ బిడ్డను చంపేది బరువు తగ్గించడం ద్వారానా, లేక బరువుతో నిమిత్తం లేకుండా ఇంకేదైనా దారిలోనా అని. గణాంక శాస్త్రంలో మొదటిదాన్ని పరోక్ష ప్రభావమనీ, రెండోదాన్ని ప్రత్యక్ష ప్రభావమనీ అంటారు. మధ్యలో నిలిచిన బరువును మధ్యస్థ కారకం అనుకుందాం. పత్రికల్లో రోజూ కనిపించే వాక్యం ఒకటుంది. ఫలానా తేడా ఉన్నది నిజమే కానీ, ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా మాయమైంది, లేదా చదువును లెక్కలోకి తీసుకున్నాక సగమే మిగిలింది అని. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. సమానులను సమానులతో పోల్చారు కదా అనిపిస్తుంది. నేను ఈ ప్రసంగంలో వాదించదలచుకున్నది ఆ వాక్యం మీదే. మధ్యస్థ కారకం ఒకే విలువలో ఉన్నవారిని ఏరి పోల్చడం వేరు, మధ్యస్థ కారకాన్ని మన చేతులతో ఒక విలువ దగ్గర నిలబెట్టడం వేరు. మొదటిది కంప్యూటర్ చేసిపెడుతుంది. రెండోది చేయాలంటే, డేటాలో లేని విషయాలను ముందుగా ఒప్పుకుని తీరాలి.

దారులను విడదీయాలన్న కోరిక కొత్తది కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో గినీపిగ్‌ల మీద పనిచేసిన సివాల్ రైట్ 1920 ప్రాంతంలోనే బాణాల పటాలు గీసి, ఆ జంతువుల ఒంటి మచ్చల్లో వంశం పాలెంత, ఇతర కారణాల పాలెంత అని దారివారీగా లెక్కకట్టాడు. ఆ తరువాత ఈ విద్య మనస్తత్వ శాస్త్రంలోకి చేరింది. 1986లో రూబెన్ బేరన్, డేవిడ్ కెన్నీ రాసిన వ్యాసం ఒక వంటపద్ధతిలాంటిదాన్ని అందరి చేతికీ ఇచ్చింది. మధ్యస్థ కారకం లేకుండా ఒక సమీకరణం, దాన్ని చేర్చి మరో సమీకరణం. రెండింటి మధ్య ఎంత తగ్గితే అంత పరోక్షం, మిగిలింది ప్రత్యక్షం. ఆ రంగంలో అత్యధికంగా ఉటంకించే వ్యాసాల్లో అదొకటి అయింది. విచిత్రమేమంటే, అదే కెన్నీ 1981లో చార్ల్స్ జడ్‌తో కలిసి రాసినప్పుడు, మధ్యస్థ కారకాన్నీ ఫలితాన్నీ కలిపి శాసించే ఉమ్మడి కారణాలుంటే లెక్క చెడిపోతుందన్న హెచ్చరిక అందులో ఉంది. ఎక్కువమంది చదివిన 1986 వ్యాసంలో ఆ హెచ్చరికకు చోటు దొరకలేదు. విధానం ప్రయాణించింది, షరతు వెనకబడింది. శాస్త్రంలో ఇలాంటివి మనం ఒప్పుకునేదానికంటే ఎక్కువగానే జరుగుతుంటాయి.

1992లో జేమ్స్ రాబిన్స్, సాండర్ గ్రీన్‌ల్యాండ్, 2001లో జూడియా పెర్ల్ ఈ వ్యవహారాన్ని మళ్లీ మొదటినుంచి పరిశీలించారు. ప్రత్యక్ష ప్రభావం అన్న ఒక్క మాట కింద కనీసం రెండు ప్రశ్నలు దాగి ఉన్నాయని వారు చూపించారు. బిడ్డలందరి బరువునూ ఏదో ఒక ఉపాయంతో మూడు కిలోలకు తెచ్చి నిలిపితే, అప్పటికీ పొగవల్ల ఎంత హాని మిగులుతుంది? ఇది ఒక ప్రశ్న. ప్రభుత్వం, ఆసుపత్రి అడగదగ్గ ప్రశ్న, ఎందుకంటే బరువు మీద ఏదైనా చర్య తీసుకుంటే ఏమవుతుందో ఇది చెబుతుంది. రెండోది మరింత సూక్ష్మమైనది. తల్లి పొగతాగుతుంది, కానీ బిడ్డ బరువు మాత్రం ఆమె పొగతాగకపోయి ఉంటే ఎంత ఉండేదో అంతే ఉంటుంది. అప్పుడు హాని ఎంత? ఈ స్థితి ఏ తల్లి విషయంలోనూ, ఏ బిడ్డ విషయంలోనూ ఎన్నడూ కంటబడదు. ఒకే బిడ్డ రెండు లోకాల్లో ఒకేసారి పుట్టాలి. మొత్తం ప్రభావంలో ఇన్ని పాళ్లు పరోక్షం, ఇన్ని పాళ్లు ప్రత్యక్షం అని పంచి చెప్పాలంటే మాత్రం ఈ రెండో ప్రశ్నకే జవాబు కావాలి. శాతాల్లో చెప్పిన ప్రతి విభజన వెనకా ఈ రెండు లోకాల ఊహ ఉంటుంది, చెప్పినవారికి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా.

ఇక్కడ మొదటి అభ్యంతరం రావడం సహజం. ఈ గొడవంతా పరిశీలన మీద ఆధారపడ్డ లెక్కలకు కదా, చీట్లు వేసి మనుషులను రెండు గుంపులుగా విడదీసే ప్రయోగం చేస్తే తీరిపోదా అని. తీరదు. చీట్లు వేసేది చికిత్సకు. మధ్యస్థ కారకానికి ఎవరూ చీట్లు వేయరు, అది మనిషి శరీరంలో తనంతట తాను తేలుతుంది. దీనికి వైద్య చరిత్రలో ఉన్న సాక్ష్యం చేదుగా ఉంటుంది. గుండెపోటు వచ్చి బతికినవారిలో గుండె మధ్యమధ్య లయ తప్పి కొట్టుకుంటుంటే, వారికి హఠాన్మరణ ప్రమాదం ఎక్కువ. లయ తప్పడాన్ని అణిచే మందులున్నాయి. లయ సరిదిద్దితే మరణం తగ్గుతుందన్నది చక్కని తర్కం, ఎంతోమంది వైద్యులు ఆ మందులు రాసేవారు. క్యాస్ట్ అనే పేరుతో జరిగిన ప్రయోగంలో ముందు మందు ఇచ్చి చూసి, ఎవరిలో లయదోషం నిజంగా అణిగిందో వారినే ఎంచుకుని, ఆపై చీట్లు వేశారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ మందులు అందుకున్నవారు 755 మంది. ఉత్తుత్తి మాత్రలు అందుకున్నవారు 743 మంది. సగటున పది నెలలు గడిచేసరికి మందు వేసుకున్నవారిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 26 మంది చనిపోయారు. 1989లోనే ఆ మందుల భాగాన్ని ఆపేశారు. మధ్యస్థ కారకం అనుకున్నట్టే మారింది, ఫలితం మాత్రం తలకిందులైంది. లయదోషం మరణానికి మెట్టు కాక, దెబ్బతిన్న గుండెకు గుర్తు మాత్రమే అయివుండవచ్చు. లేదా ఆ దారిన కాస్త మేలు జరిగినా, మందు మరో దారిన అంతకు మించిన కీడు చేసి ఉండవచ్చు. చీట్లు వేసిన ప్రయోగం మొత్తం ప్రభావాన్ని తిరుగులేకుండా చెప్పింది. ఈ రెండు వివరణల్లో ఏది నిజమో, ఏ దారిన ఎంతమంది పోయారో మాత్రం తనంతట తాను చెప్పలేదు, చెప్పజాలదు కూడా.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఉమ్మడి కారణాలే దోషమైతే వాటినీ కొలిచి లెక్కలో చేర్చండి, పుట్టుక లోపాలను నమోదు చేయండి, చిక్కు విడిపోతుంది కదా అని. చాలావరకు నిజమే. మంచి అధ్యయనాలు అదే చేస్తాయి, కొలవలేనిది ఎంత బలంగా ఉంటే తమ ఫలితం కూలిపోతుందో కూడా లెక్కకట్టి చెబుతాయి. అయినా రెండు ముళ్లు మిగులుతాయి. ఆ ఉమ్మడి కారణాల్లో కొన్ని స్వయంగా మొదటి కారణం వల్లే పుట్టి ఉండవచ్చు. పొగవల్ల తల్లికి మావి సంబంధమైన సమస్య వచ్చి, అది బరువునూ బిడ్డ ప్రాణాన్నీ రెండింటినీ దెబ్బతీస్తే, దాన్ని లెక్కలో చేర్చినా తప్పే, చేర్చకపోయినా తప్పే. మామూలు సమీకరణంతో అది తేలదు, దానికి వేరే పద్ధతులు కావాలి. రెండో ముల్లు కొలత. దీన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ జన్యువు కథ బాగా చూపిస్తుంది.

2008 ఏప్రిల్‌లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి ఒక విషయం ప్రకటించాయి. మన 15వ క్రోమోజోమ్ మీద, నికోటిన్‌ను అందుకునే గ్రాహకాల జన్యువులున్న చోట, ఒక చిన్న తేడా ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువ. జన్యువు చీటీ వేసినట్టే తల్లిదండ్రుల నుంచి వస్తుంది కాబట్టి మొదటి కారణం గురించి బెంగ లేదు. తగువంతా దారి గురించే. ఆ తేడా ఉన్నవారు ఎక్కువ సిగరెట్లు తాగుతారు, అందుకే క్యాన్సర్ అని ఐస్‌లాండ్ బృందం. అబ్బే, సిగరెట్ల సంఖ్యను లెక్కలోకి తీసుకున్నాక కూడా ముప్పు నిలిచే ఉంది, కాబట్టి జన్యువు నేరుగానే పనిచేస్తోందని మిగతావారు. 2012లో టైలర్ వాండర్‌వీల్, ఆయన సహచరులు కొత్త పద్ధతులతో లెక్కవేసి, రోజుకు తాగే సిగరెట్ల సంఖ్య ద్వారా నడిచే భాగం చాలా స్వల్పమని తేల్చారు. అదే ఏడాది మార్కస్ మునాఫో బృందం మరో వైపు నుంచి వచ్చింది. రోజుకు ఎన్ని తాగుతావని అడిగి రాసుకోవడం మాని, ఒంట్లోకి ఎంత నికోటిన్ చేరిందో చెప్పే కోటినిన్ అనే పదార్థాన్ని కొలిచి చూసింది. జన్యువుకూ దానికీ ఉన్న లంకె ఎంతో బలంగా తేలింది. క్యాన్సర్ ముప్పులో చాలాభాగం పొగ ద్వారానే వస్తుందని చెప్పడానికి అది సరిపోయింది. ఆ జన్యుభేదం ఉన్నవారు సిగరెట్లు మరీ ఎక్కువ కాల్చరు, కాల్చిన ప్రతిదాన్నీ గాఢంగా పీలుస్తారు. అంటే నేరుగా అని లెక్క చూపించిన భాగం, నిజానికి మధ్యదారిని మోటు కొలబద్దతో కొలిచినందువల్ల మిగిలిన శేషం. పైగా వాండర్‌వీల్ లెక్కల్లో మరో సంగతుంది. ఎన్నడూ పొగతాగనివారిలో ఆ జన్యువు ముప్పు పెంచినట్టు కనిపించలేదు. పొగ లేకపోతే లేనే లేని ప్రభావాన్ని పొగతో నిమిత్తం లేనిదని ఎలా అంటాం? రెండు కారణాలు చేయిచేయి కలిపి పనిచేసినప్పుడు నీ వాటా ఎంత, నా వాటా ఎంత అన్న పంపకానికి అర్థమే మసకబారుతుంది. అవిభక్త కుటుంబాల ఆస్తి తగాదాలు విన్న తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదనుకుంటాను.

మూడో అభ్యంతరం విసుగు నుంచి వస్తుంది. ఇన్ని చిక్కులుంటే ఈ విభజన మానేసి మొత్తం ప్రభావంతో సరిపెట్టుకోవచ్చు కదా అని. కొన్నిచోట్ల తప్పక సరిపెట్టుకోవచ్చు. కానీ కొన్ని ప్రశ్నలు పుట్టుకతోనే దారుల ప్రశ్నలు. వివక్ష అలాంటిది. యెరుషాల్మీ పనిచేసిన ఆ బర్క్‌లీలోనే 1973లో పోస్ట్‌గ్రాడ్యుయేట్ ప్రవేశాల్లో 8,442 మంది పురుషులు దరఖాస్తు చేస్తే 44 శాతానికి, 4,321 మంది స్త్రీలు దరఖాస్తు చేస్తే 35 శాతానికి సీట్లు వచ్చాయి. పీటర్ బికెల్, యూజీన్ హామెల్, విలియం ఓకానెల్ శాఖలవారీగా విడగొట్టి చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది, ఆ మాటకొస్తే స్త్రీల వైపు కాస్త మొగ్గు కూడా కనిపించింది. స్త్రీలు పోటీ ఎక్కువగా ఉన్న శాఖలకు ఎక్కువగా దరఖాస్తు చేశారు. 1975లో వచ్చిన ఈ విశ్లేషణను సగటుల మాయకు ఉదాహరణగా పాఠ్యపుస్తకాలు చెప్పి వదిలేస్తాయి. కానీ ఇక్కడ శాఖ అన్నది మధ్యస్థ కారకం. ప్రవేశాల కమిటీ దరఖాస్తుదారు ఆడో మగో చూసి నిర్ణయించిందా అన్నది ప్రత్యక్ష ప్రభావం గురించిన ప్రశ్న, చట్టానికి కావలసింది అదే. అమ్మాయిలను చిన్ననాటి నుంచి గణితానికి దూరంగా నెట్టి, సీట్లు తక్కువున్న శాఖల వైపు మళ్లించిన సమాజం సంగతి పరోక్ష ప్రభావం. ఆ రచయితలు దాన్ని విస్మరించలేదు, వ్యాసం చివర స్పష్టంగానే ప్రస్తావించారు. పైగా బికెల్‌కు విలియం క్రుస్కల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు ఒక ఉత్తరం రాసి, శాఖ ఎంపికనూ ప్రవేశాన్నీ కలిపి శాసించే మూడో అంశం ఏదైనా ఉంటే, శాఖలవారీ సమానత్వం వెనక కూడా వివక్ష దాగి ఉండవచ్చని అంకెలతో చూపించాడు. తక్కువ బరువు బిడ్డల చిక్కే ఇది, వేషం మార్చుకుని వచ్చింది. మరి అక్కడ వివక్ష ఉందా లేదా? దరఖాస్తుదారుల అర్హతల వివరాలు ఆ పట్టికల్లో లేవు. కాబట్టి ఆ పట్టికలు చూసి లేదని ఢంకా బజాయించేవారితోనూ, ఉందని తేల్చేసేవారితోనూ నేను ఏకీభవించలేను. విడగొట్టాల్సిందే అన్నది నిజం. విడగొట్టగానే తేలిపోయింది అన్నది నిజం కాదు.

అటువైపు, విభజన తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేని సందర్భాలూ ఉన్నాయి. గర్భిణులు పొగతాగితే గర్భస్థ శిశువుకు హాని జరగవచ్చనీ, నెలలు నిండకముందే కాన్పు కావచ్చనీ, బిడ్డ బరువు తగ్గవచ్చనీ అమెరికాలో 1985 నుంచి సిగరెట్ పెట్టెల మీద ముద్రించే హెచ్చరికల్లో ఒకటి చెబుతూ వచ్చింది. బరువు చిక్కు అప్పటికి విడలేదు, 2006 వ్యాసం రావడానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైనే ఉంది. అయినా ఆ హెచ్చరిక తొందరపాటు కాదు. సిగరెట్ మానమని చెప్పడానికి మొత్తం ప్రభావం చాలు. నవజాత శిశువుల వార్డులో వైద్యుడి అవసరం వేరు. పొగతాగే తల్లికి పుట్టిన రెండు కిలోల బిడ్డ ఎదుట ఉంటే, ఆ బిడ్డకు బరువు పెరిగే పోషణ ఒక్కటే సరిపోతుందా, లేక ఊపిరికి సంబంధించి బరువుతో పోని ప్రమాదం కోసం కూడా కనిపెట్టుకుని ఉండాలా అన్నది ఆయనకు తెలియాలి. అది బరువును నిలబెట్టి అడిగే ప్రశ్న. దానికి జవాబు చెప్పబోయే పరిశోధకుడు బిడ్డ బరువుతోపాటు ఆ బరువు ఎందుకు తగ్గిందో కూడా కొలిచి ఉండాలి.